తప్పు మనిషిదా? తెరదా?

మనలో చాలామందిమి సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాళ్ళమే. అందుకని "యూజర్ ఎర్రర్" అనే రెండు మాటలు మనకు బాగా అలవాటు. ఎవరో ఫిర్యాదు చేస్తారు. మనం లాగ్ తెరిచి చూస్తాం. ప్రోగ్రామ్ చెయ్యాల్సిందే చేసిందని తేలుతుంది. టిక్కెట్ మీద ఆ రెండు మాటలూ రాసి మూసేసి, టీ తాగడానికి వెళ్ళిపోతాం. నేనూ అలాంటివి ఎన్నో మూశాను. వాటిలో ఒకటి మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ముందు ఆ సంగతి చెప్పి, తరవాత అసలు విషయంలోకి వస్తాను.

పదేళ్ళ కిందటి మాట. మాస్టర్స్ అయ్యాక అమెరికాలో నా మొదటి ఉద్యోగం ఆసుపత్రులకూ క్లినిక్కులకూ సరుకు పంపే ఒక కంపెనీలో. గ్లవ్స్, సిరంజిలు, డయాలిసిస్ గొట్టాలు, ఇలాంటివన్నమాట. ఫోన్లోనూ ఫాక్స్‌లోనూ వచ్చే ఆర్డర్లను కంప్యూటర్లోకి ఎక్కించే స్క్రీన్ నేనే రాశాను. వస్తువు పేరు, ఎన్ని కావాలి, ఏ లెక్కన కావాలి, ఇవీ అందులో ముఖ్యం. ఆ మూడోదానికి ఒక డ్రాప్‌డౌన్ పెట్టాను. అందులో ఇంగ్లీషు అక్షరక్రమంలో బాక్స్, కేస్, ఈచ్ అని మూడు మాటలు ఉంటాయి. ఈచ్ అంటే విడిగా ఒక్కొక్కటి. కేస్ అంటే పెద్ద అట్టపెట్టె. గ్లవ్స్ అయితే ఒక కేసులో పది బాక్సులు.

ఆ స్క్రీన్ ముందు రోజంతా కూచునే వాళ్ళలో యాభై దాటిన ఒకావిడ ఉండేది. ఆ కంపెనీలో నేను పుట్టకముందు నుంచీ పనిచేస్తోందని చెప్పుకునేవారు. ఒకరోజు ఒక చిన్న క్లినిక్కు 20 బాక్సుల గ్లవ్స్ బదులు 20 కేసులు వెళ్ళాయి. అంటే 200 బాక్సులు. వాళ్ళ వరండా నిండిపోయింది. అందరం నవ్వుకున్నాం. రెండు వారాల తరవాత ఒక డయాలిసిస్ సెంటర్‌కు 12 కేసుల గొట్టాలు వెళ్ళాల్సిన చోట విడిగా 12 గొట్టాలు మాత్రమే వెళ్ళాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళు రాత్రికి రాత్రి పక్క ఊరి సెంటర్ నుంచి అరువు తెచ్చుకుని మర్నాటి పొద్దుటి రోగులకు డయాలిసిస్ చేశారు.

రెండుసార్లూ మేనేజర్ నన్ను అడిగాడు. రెండుసార్లూ లాగ్ చూశాను. ఆవిడ ఐడీతో, ఆవిడ కంప్యూటర్ నుంచి, మొదటిసారి "కేస్" అనీ రెండోసారి "ఈచ్" అనీ స్పష్టంగా నమోదై ఉంది. "సిస్టమ్ సరిగ్గానే ఉంది, యూజర్ ఎర్రర్" అని జవాబు రాశాను. ఆవిడకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని దాని సారాంశం. నన్నేమో ఒకపూట ఆవిడ పక్కన కూచుని స్క్రీన్ ఎలా వాడాలో మళ్ళీ నేర్పమన్నారు.

వెళ్ళి కూచున్నాను. నేర్పడానికేమీ లేదు. ఆవిడ నాకంటే వేగంగా, నాకంటే శ్రద్ధగా పనిచేస్తోంది. గంట గడిచింది. ముప్ఫయ్యో నలభయ్యో ఆర్డర్ అది. డ్రాప్‌డౌన్‌లో "బాక్స్" ఎంచుకుంది. నేను కళ్ళారా చూశాను. తరవాత కిందనున్న సేవ్ బటన్ కోసం మౌస్ చక్రం తిప్పింది. పేజీ కదల్లేదు. "ఈ మౌస్ ఎప్పుడూ ఇంతే, కాస్త మొండిది" అంటూ పక్కన ఖాళీ జాగాలో ఒకసారి నొక్కి మళ్ళీ తిప్పింది. ఈసారి పేజీ జరిగింది. డ్రాప్‌డౌన్ పైకి వెళ్ళి కనబడకుండా పోయింది. సేవ్ నొక్కబోతుంటే ఆపి, పేజీని పైకి జరిపి చూశాను. "కేస్" అని ఉంది.

మీలో వెబ్ పేజీలు రాసేవాళ్ళకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. డ్రాప్‌డౌన్‌లో ఒకటి ఎంచుకున్నాక కూడా బ్రౌజర్ ధ్యాస దాని మీదే ఉంటుంది. అప్పటి కొన్ని బ్రౌజర్లలో ఆ సమయంలో చక్రం తిప్పితే పేజీ జరగకుండా డ్రాప్‌డౌన్‌లో ఉన్న మాట మారిపోయేది. ఒక్క మెట్టు తిరిగితే బాక్స్ కాస్తా కేస్ అవుతుంది. కేస్ కాస్తా ఈచ్ అవుతుంది. క్లినిక్కు జరిగింది మొదటిది. డయాలిసిస్ సెంటర్‌కు జరిగింది రెండోది.

మరి నాకు ఎప్పుడూ ఎందుకు జరగలేదు? నా బల్ల మీద పెద్ద మానిటర్ ఉంది కనక. అందులో పేజీ మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది, చక్రం తిప్పే అవసరమే లేదు. ఆవిడకు ఇచ్చింది పాత చిన్న మానిటర్. దానిలో సేవ్ బటన్ కనబడదు. పైగా సేవ్ అయ్యాక నా స్క్రీన్ "ఆర్డర్ సేవ్ అయింది" అని మాత్రమే చెబుతుంది, ఏం సేవ్ అయిందో చెప్పదు.

నేను వివరించాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఈ నెల రోజులూ నాకు మతిమరుపు వస్తోందేమో అనుకున్నాను. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాను" అంది. నా చదువు, నా లాగ్, నా రెండు మాటలు కలిసి ఒక మనిషికి తన బుర్ర మీదే నమ్మకం పోయేలా చేశాయన్నమాట.

మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అన్నారని మనకో సామెత ఉంది. పని చేతకానివాడు పనిముట్టును తిడతాడని దాని అర్థం. సామెత మంచిదే. కానీ మద్దెల నిజంగానే ఓడైతే ఏమిటన్న ప్రశ్న ఎవరో ఒకరు వెయ్యాలి కదా! ఆ ప్రశ్నలోంచి పుట్టిన శాస్త్రమే హ్యూమన్ ఫ్యాక్టర్స్. మనిషి కన్ను, చెయ్యి, జ్ఞాపకం, ధ్యాస ఎలా పనిచేస్తాయో ముందు తెలుసుకుని, యంత్రాన్ని దానికి తగ్గట్టు మలచడం దీని పని. యంత్రానికి తగ్గట్టు మనిషిని మలచాలన్న పాత ఆలోచనకు ఇది సరిగ్గా తిరగేసిన ఆలోచన.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 బాంబర్ విమానాలకు ఒక వింత జబ్బు ఉండేది. విమానం క్షేమంగా నేలకు దిగేది. రన్‌వే మీద వెళుతూ పైలట్ రెక్కల ఫ్లాప్స్ ముడవబోయి చక్రాలను ముడిచేసేవాడు. విమానం పొట్టమీద కూలబడేది. విచారణలో పైలట్ తప్పిదం అని రాసేవారు. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్తను దీని సంగతి చూడమన్నారు. ఆయన కాక్‌పిట్ చూశాడు. చక్రాల స్విచ్చూ ఫ్లాప్స్ స్విచ్చూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. అదే కాలపు సి-47 విమానంలో ఈ రెండూ వేరువేరు చోట్ల, వేరువేరు రకంగా ఉన్నాయి. ఆ విమానంలో ఈ తప్పు జరగడం లేదు.

చపానిస్ పైలట్లకు మళ్ళీ శిక్షణ ఇవ్వమనలేదు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు రెక్క ఆకారంలో ముక్క తగిలించాడు. చీకట్లో చేత్తో తడిమినా ఏది ఏదో తెలిసిపోతుంది. ఆ జబ్బు కుదిరింది. మీటల ఆకారం గురించిన ఈ నియమం ఇప్పటికీ అమెరికా విమాన నిబంధనల్లో ఉంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు పైలట్ తప్పిదాలుగా లెక్కకు వచ్చిన 460 అనుభవాలను సేకరించి విడదీశారు. వాటిలో దాదాపు సగం ఒక మీట అనుకుని మరొకటి కదిపినవే. ఇంతమంది పైలట్లు విడివిడిగా ఒకే తప్పు చేస్తున్నారంటే అది పైలట్ల గుణం కాదు, కాక్‌పిట్ గుణం. నేను ఇందులోంచి నేర్చుకున్న పరీక్ష ఒకటుంది. ఆ కుర్చీలోంచి ఈ మనిషిని లేపి ఇంకొకరిని కూచోబెడితే తప్పు మళ్ళీ జరుగుతుందా? జరుగుతుందంటే మార్చాల్సింది మనిషిని కాదు.

చెయ్యి జారడం వేరు, లెక్క తప్పడం వేరు

మనుషులు చేసే తప్పులన్నీ ఒక్కటి కావు. డొనాల్డ్ నార్మన్, జేమ్స్ రీజన్ లాంటి పండితులు వీటిని ముఖ్యంగా రెండు రకాలుగా చూస్తారు. మొదటి రకంలో మనసులో అనుకున్నది సరైనదే, చేతిలో జరిగింది వేరు. కాఫీలో పంచదార బదులు ఉప్పు వేసినట్టు. రెండో రకంలో చెయ్యి అనుకున్నదే చేస్తుంది, అనుకున్నదే తప్పు. విషయం అర్థం చేసుకోవడంలోనే పొరపాటు ఉంటుంది. రెండింటికీ మందు వేరు. చెయ్యి జారేవాళ్ళకు పాఠాలు చెబితే లాభం లేదు. నన్ను ఆవిడకు పాఠం చెప్పమని పంపడం అలాంటిదే.

మొదటి రకానికి మంచి మందు మీ ఊరి ఏటీఎమ్‌లో ఉంది. మనిషి దేనికోసం వచ్చాడో ఆ పని అయిపోగానే మిగిలిన చిన్న పనులను మరిచిపోతాడు. డబ్బు ముందు చేతికి వస్తే కార్డు యంత్రంలో వదిలేసి వెళ్ళిపోతాడు. అందుకని చాలా యంత్రాలు ముందు కార్డు తిరిగి ఇస్తాయి, అది తీసుకున్నాకే డబ్బు ఇస్తాయి. "కార్డు మరవకండి" అని గోడమీద వంద బోర్డులు పెట్టినా జరగని పని, వరస మార్చగానే జరిగింది.

రెండో రకం మన ప్రవాసులకు బాగా అనుభవం. 04/07 అని కనిపిస్తే ఇండియాలో పెరిగిన కంటికి అది జులై 4. అమెరికా ఫారానికి అది ఏప్రిల్ 7. వాడేవాడూ జాగ్రత్తగానే రాశాడు, ఫారమూ సరిగ్గానే చదివింది, అయినా తేదీ తప్పు. నెలను అంకెతో కాక పేరుతో చూపిస్తే ఈ బాధే ఉండదు.

పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరవాత. ఫారంలో "ఫస్ట్ నేమ్" అంటే మొదట వచ్చే పేరా, అసలు పేరా అని మన పెద్దవాళ్ళు తటపటాయిస్తే అది వాళ్ళ అమాయకత్వం కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దాని విస్తరణ. అది పట్టుకుని బ్యాంకుకూ డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసుకూ తిరిగిన స్నేహితులు మీకూ ఉండే ఉంటారు. ప్రపంచంలో అందరి పేర్లూ తన పేరులాగే ఉంటాయని ఫారం రాసినవాడు అనుకున్నాడు. నా మానిటర్ లాంటిదే అందరికీ ఉంటుందని నేను అనుకున్నట్టుగా!

తెర నిజం చెప్పకపోతే

1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. రియాక్టర్‌ను చల్లబరిచే నీరు దానిలోంచి పోతూనే ఉంది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం ఆ వాల్వ్ దీపం ఆరిపోయింది. దీపం ఆరితే వాల్వ్ మూసుకున్నట్టే అని ఆపరేటర్లు అనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పేది వాల్వ్ స్థితి కాదు, వాల్వ్‌కు మూసుకోమని ఆదేశం వెళ్ళిందా లేదా అన్నది మాత్రమే. రెండు గంటలకు పైగా ఆ వాల్వ్ తెరిచే ఉంది. వందకు పైగా అలారాలు ఒక్కసారిగా మోగుతుంటే ఏది ముఖ్యమో తెలుసుకునే దారి కూడా లేకపోయింది. రియాక్టర్ లోపలి ఇంధన భాగంలో దాదాపు సగం కరిగిపోయింది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు నా "ఆర్డర్ సేవ్ అయింది" గుర్తొస్తుంది. అదీ అంతే. జరిగింది చెప్పలేదు, అడిగింది అందిందని మాత్రం చెప్పింది.

థెరాక్-25 సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. అది కెనడాలో తయారైన, కాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 లోపల ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. కొందరు దానివల్లే చనిపోయారు. 1986లో టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో ఏం జరిగిందో చూడండి. ఆపరేటర్ "ఇ" కొట్టాల్సిన చోట అలవాటుకొద్దీ "ఎక్స్" కొట్టింది. వెంటనే గమనించి, కర్సర్ పైకి తీసుకెళ్ళి దిద్దుకుంది. తెరమీద అంతా సరిగ్గా కనిపించింది. కానీ ఎనిమిది సెకన్ల లోపల దిద్దితే ఆ మార్పును లోపలి ప్రోగ్రామ్ పట్టించుకునేది కాదు. తెర ఒకటి చూపిస్తోంది, యంత్రం మరొకటి చేస్తోంది. తరవాత "మాల్‌ఫంక్షన్ 54" అని ఒక అంకె వచ్చింది. ఆ అంకెకు అర్థం ఏమిటో ఆపరేటర్ల పుస్తకంలో లేదు. ఇలాంటి అంకెలు రోజూ ఎన్నో వస్తుంటాయి, "పి" నొక్కితే పని సాగిపోతుంది. అలవాటు ప్రకారం నొక్కింది. ఆ రోగికి రెండోసారి కూడా దెబ్బ తగిలింది.

తయారీదారుల పరీక్షల్లో ఈ తప్పు దొరకలేదు. ఆ ఆసుపత్రి ఫిజిసిస్టు ఏం చేశాడంటే, ఆపరేటర్‌తో కలిసి యంత్రం ముందు కూచుని, ఆమె ఏ వరసలో ఏ మీటలు నొక్కిందో అదే మళ్ళీ మళ్ళీ చేశాడు. చివరకు కిటుకు వేగంలో ఉందని తేలింది. నెమ్మదిగా కొట్టేవాళ్ళకు ఆ తప్పు రాదు. పనిలో ఆరితేరినవాళ్ళకే వస్తుంది. ఇక్కడ ఓడుగా ఉన్నది పూర్తిగా మద్దెలే, అదీ బాగా ఆడేవాళ్ళ దగ్గరే బయటపడింది!

మూడు జతల కళ్ళు

ఇవన్నీ పాత కాలపు యంత్రాలు, ఇప్పుడలా జరగవు అనుకుంటే పొరపాటు. 2020 ఆగస్టు 11న సిటీబ్యాంక్ రెవ్లాన్ కంపెనీ అప్పుకు సంబంధించి దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ చెల్లించబోయి, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు అప్పిచ్చినవాళ్ళకు పంపేసింది. ఆ పనికి మూడంచెల కాపలా ఉంది. ఒకరు నమోదు చెయ్యాలి, రెండోవారు సరిచూడాలి, మూడోవారు ఒప్పుకోవాలి. మొదటి ఇద్దరూ ఇండియాలో కూచుని పనిచేస్తున్న మనలాంటి ఉద్యోగులు, మూడో ఆయన అమెరికాలోని డెలావేర్‌లో. ముగ్గురూ చూశారు, ముగ్గురూ సరే అన్నారు.

అసలు డబ్బు బ్యాంకు గడప దాటకుండా ఉండాలంటే ఆ స్క్రీన్లో "ప్రిన్సిపల్", "ఫ్రంట్", "ఫండ్" అనే మూడు గడులూ నింపాలి. ప్రిన్సిపల్ అంటే అసలు కనక, ఆ ఒక్క గడి నింపితే చాలని ముగ్గురూ అనుకున్నారు. మీరూ నేనూ అక్కడ ఉన్నా అదే అనుకునేవాళ్ళం. స్క్రీన్ ఒక హెచ్చరిక ఇచ్చింది కూడా. డబ్బు బ్యాంకు బయటికి వెళుతుంది, కొనసాగించమంటారా అని అడిగింది. ఎంత డబ్బు వెళుతుందో మాత్రం చెప్పలేదు. వడ్డీ ఎలాగూ బయటికే వెళ్ళాలి కదా, ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు.

సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి అప్పిచ్చినవాళ్ళు ఒప్పుకోలేదు. 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ కోర్టు అది వాళ్ళే ఉంచుకోవచ్చంది. 2022 సెప్టెంబరులో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మనం గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, చూసే కళ్ళను పెంచినంత మాత్రాన తప్పు దొరకదు. ఒకే తప్పుదారి పట్టించే తెరను ముగ్గురు చూస్తే ముగ్గురూ దారి తప్పుతారు.

మరి మనమేం చెయ్యాలి?

నేను పెద్ద నిపుణుణ్ణి కాను. ఆ సంఘటన తరవాత చదివినవి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

1. పక్కన కూచోండి. మీ బల్ల దగ్గర కాదు, వాళ్ళ బల్ల దగ్గర, వాళ్ళ మానిటర్ ముందు. ఐదుగురిని శ్రద్ధగా గమనిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ చెబుతారు. కష్టమైన భాగం నోరు మూసుకుని కూచోవడం. వాళ్ళు వెతుక్కుంటుంటే "అదిగో, ఆ మూల ఉంది" అనాలని నాలుక దురద పెడుతుంది. అన్నారంటే మీ స్క్రీన్ గురించి తెలుసుకునే అవకాశం పోయినట్టే.

2. చిన్న విసుగులను వినండి. "ఈ మౌస్ మొండిది" అన్న మాట ఆవిడ ఎన్నో నెలలుగా అంటూనే ఉంది. అది ఏ టిక్కెట్లోనూ లేదు. జనం తమ చేతకానితనం అనుకున్నదాన్ని ఫిర్యాదు చెయ్యరు.

3. జరిగినదాన్ని జరిగినట్టు చూపించండి. "సేవ్ అయింది" అని వదిలెయ్యకుండా "12 కేసులు, అంటే మొత్తం 144 గొట్టాలు, శుక్రవారం వెళతాయి" అని చెప్పాలి. అంకె పక్కన దాని అర్థం ఉంటే కన్ను దానంతటదే పట్టుకుంటుంది.

4. ప్రతిదానికీ "నిజంగానా?" అని అడక్కండి. రోజుకు వందసార్లు అడిగితే వందసార్లూ చెయ్యి చదవకుండానే అవును నొక్కుతుంది. థెరాక్ "పి" మీట కథ అదే. ఎప్పుడూ 20 బాక్సులు తెప్పించుకునే క్లినిక్ ఈసారి 20 కేసులు అడిగితే, అప్పుడు అడగండి. అరుదుగా అడిగే ప్రశ్నకే విలువ.

5. వెనక్కి వచ్చే దారి ఉంచండి. జీమెయిల్‌లో పంపిన ఉత్తరాన్ని కొన్ని సెకన్లపాటు ఆపేసే సదుపాయం ఎంతమంది పరువు కాపాడిందో! 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వచ్చి పడుతోందని జనం ఫోన్లకు తప్పుడు హెచ్చరిక వెళ్ళింది. అది ఎలా వెళ్ళిందన్నది ఒక కథ. అంతకంటే పెద్ద కథ ఏమిటంటే, అది తప్పు అని అందరి ఫోన్లకూ చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. హెచ్చరిక పంపే సందేశం సిద్ధంగా ఉంది, వెనక్కి తీసుకునే సందేశం ముందుగా సిద్ధం చేసుకోలేదు.

6. ప్రమాదకరమైనదాన్ని దూరంగా, వేరుగా పెట్టండి. దగ్గరగా, పెద్దగా ఉన్నదాన్ని చెయ్యి త్వరగా అందుకుంటుందని ఫిట్స్ 1954లో సూత్రంగానే రాశాడు. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. సేవ్ పక్కనే డిలీట్ పెడితే దాన్నీ అంతే త్వరగా అందుకుంటుంది. తేడా రంగుతోనే చూపించి ఊరుకోవద్దు. యూరప్ సంతతి మగవాళ్ళలో వందకు సుమారు ఎనిమిది మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు. ఆకారం, మాట, చోటు కూడా వేరుగా ఉండాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని తప్పులనూ తెర మీదికి నెట్టెయ్యడం కూడా న్యాయం కాదు. నిద్ర లేకపోవడం, పనిభారం, చాలని శిక్షణ, ఒక్కోసారి అచ్చంగా నిర్లక్ష్యం, ఇవన్నీ ఉంటాయి. కానీ వాటి వంతు తరవాత. మన చేతిలో ఉన్నది తెర. ముందు దాన్ని సరిచూసుకున్నాకే మనిషి వంక వేలు చూపించాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు.

ఇంతకీ ఏమైంది?

ఆ సాయంత్రమే మేనేజర్‌కు రాశాను. "ముందు రాసిన రెండు జవాబులూ తప్పు. లోపం నా స్క్రీన్లో ఉంది" అని. రాయడానికి చాలాసేపు పట్టింది. వీసా మీద ఉన్నవాణ్ణి, మొదటి ఉద్యోగం, ఏమంటారోనని భయం. ఏమీ అనలేదు. డ్రాప్‌డౌన్ తీసేసి మూడు పెద్ద బటన్లు పెట్టాను. ఎంచుకున్నది ఆర్డర్ చివరిదాకా కళ్ళ ముందే కనిపించేలా సేవ్ పక్కన రాయించాను. పని అంతా కలిపి ఒకటిన్నర రోజు. ఆవిడ ఫైల్లోంచి ఆ హెచ్చరిక లేఖ తీయించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. స్క్రీన్‌ను దిద్దినంత సులువుగా మనిషి మీద పడ్డ మచ్చను దిద్దలేం.

లాగ్ అబద్ధం చెప్పలేదు. కానీ లాగ్‌లో ఉండేది చెయ్యి ఏం చేసిందన్నది. మనసు ఏమనుకుందన్నది అందులో ఉండదు. అది తెలియాలంటే మనిషి పక్కన కూచోవాల్సిందే.

ఇది రాస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఏదో నొక్కేశాన్రా, నీ ఫొటోలన్నీ పోయాయి. నాకు ఈ ఫోన్లు చేతకావు" అంది. ఇదివరకైతే "ఎందుకమ్మా కనిపించిందల్లా నొక్కుతావు" అనేవాణ్ణి. ఈసారి, "నొక్కేముందు తెరమీద ఏం కనిపించిందో చెప్పమ్మా" అన్నాను. చెప్పింది. "ఫ్రీ అప్ స్పేస్" అని ఒక నీలం బటన్ కనిపించిందట. ఫోన్ నిండిపోయిందంటున్నారు కదా, జాగా ఇస్తామంటే వద్దంటామా అని నొక్కిందట.

ఆవిడ లెక్కలో తప్పేముంది చెప్పండి?